ఆసు పోసిన చెయ్యి

ఈ మధ్య మా ఇంట్లో నాకో కొత్త పేరు వచ్చింది: "ఆముదం అమ్మగారు". పెట్టింది మావారు. బలపరిచింది మా అమ్మాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "ఏమిటండీ వాసన?" అని, ఆ తరవాతే కుర్చీలో కూచుంటున్నారు. వాళ్ళని అనడానికేం లేదు, తప్పు నాదే. పెరటి వరండాలో రెండు వారాలకి పైగా ఓ గిన్నెలో నూలు చిలపలు నూనెలో నానుతున్నాయి. రోజూ వాటిని పిసకడం, పిండడం, ఎండలో ఆరెయ్యడం, మళ్ళీ నూనెలో ముంచడం. నవల రాసుకోవాల్సిన మనిషిని నాకీ జంజాటం ఏమిటంటే, అదో కథ. ఓ రుమాలు కథ.

మా అమ్మమ్మ పోయాక ఆవిడ ట్రంకుపెట్టె నా వాటాకి వచ్చింది. పిల్లలందరం నగలూ పట్టుచీరలూ పంచుకున్నాం గాని, అడుగున మడిచిపెట్టిన ఓ ఎర్రటి గుడ్డని ఎవరూ పట్టించుకోలేదు. విప్పితే గజంపావు చదరం ఉంది. ఎరుపు, నలుపు, తెలుపు. మధ్యలో గళ్ళు, గళ్ళల్లో చుక్కలు, నక్షత్రాలు, చుట్టూ వెడల్పాటి ఎర్రంచు. ఎన్నేళ్ళ నాటిదో గాని రంగు ఇప్పటికీ మందారప్పువ్వులా ఉంది. దగ్గరికి తీసుకుంటే సన్నగా నూనె వాసన. అమ్మమ్మది చీరాల పక్క ఊరు. నా చిన్నప్పుడు ఎండన పడి వెళ్ళొస్తే ఆ గుడ్డే నెత్తిన కప్పి, "చలవ చేస్తుందే తల్లీ" అనేది. అప్పుడు నాకు అది ఓ పాతగుడ్డ. అంతే.

దాన్ని తేలియా రుమాలు అంటారని నాకు నలభయ్యో పడిలో తెలిసింది. బి.ఏ.లో చరిత్ర చదివి, పానిపట్టు యుద్ధాల తేదీలన్నీ వరసగా అప్పజెప్పినదాన్ని నేను. మా అమ్మమ్మ పెట్టెలో ఉన్న చరిత్ర మటుకు నాకు తెలీదు!

తేలియా అంటే నూనెది. రుమాలు అంటే మొహం తుడుచుకునే గుడ్డ. ఉత్తరాది మాటా, పారశీకం మాటా కలిసి మన చీరాల గుడ్డకి పేరయ్యాయి. పేరే చెబుతోంది ఇది ఊళ్ళు తిరిగిన గుడ్డ అని. చీరాలలో నేసిన ఈ రుమాళ్ళు ఓడలెక్కి ఏడెన్‌కీ, అరబ్బు దేశాలకీ, తూర్పు ఆఫ్రికా తీరానికీ వెళ్ళేవి. ఆ బేరగాళ్ళ నోట వీటి పేరు "ఏషియా రుమాలు". అక్కడి ఎడారి ఎండలకి తలకి చుట్టుకోడానికి ఇంతకన్నా మంచి గుడ్డ దొరకదు. నూనె పట్టిన నూలు కనక మెత్తగా ఉంటుంది, తల చల్లగా ఉంచుతుంది, దుమ్ము అంటదు. ఇక్కడ మన బెస్తవాళ్ళూ, పశువుల కాపర్లూ దాన్నే లుంగీగా, తలపాగాగా కట్టుకునేవాళ్ళు. హైదరాబాదులో నవాబుల ఇళ్ళ ఆడవాళ్ళేమో అదే గుడ్డని దుపట్టాగా వేసుకునేవాళ్ళు. బెస్తవాడి నడుముకీ బేగం భుజానికీ ఒకటే గుడ్డ! అంతటి సమానత్వం మన దేశంలో ఇంకెక్కడైనా చూశామా?

ఇంతకీ నూనె ఎందుకు? ఇక్కడ కాస్త వంటింటి భాషలో చెబుతాను. నూలుకి రంగంటే పెద్దగా గిట్టదు. పట్టు, ఉన్ని అయితే చప్పున రంగుని పట్టేసుకుంటాయి గాని, నూలు మాత్రం ఉతకగానే వదిలేస్తుంది. ఇద్దరికీ పొత్తు కుదరాలంటే మధ్యన ఓ పెళ్ళిళ్ళ పేరయ్య ఉండాలి. ఆ పేరయ్య పేరు పటిక. పటిక నూలునీ రంగునీ రెండు చేతులతో పట్టుకుంటుంది. అయితే పటిక కూడా నూలుని గట్టిగా పట్టుకోవాలంటే ముందు నూనె పట్టించాలి. ఆముదపుకాయల తొక్కలు కాల్చిన బూడిదని నీళ్ళలో కలిపి, తేర్చిన ఆ కారపునీళ్ళలో నువ్వులనూనో ఆముదమో పోసి కలిపితే తెల్లగా పాలలా అవుతుంది. ఆ పాలలో నూలుని ముంచి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ ముంచి, ఇలా రెండు మూడు వారాలు చెయ్యాలి. అప్పుడు నూలు లోలోపలికి జిడ్డు దిగి, పటికనీ ఎరుపునీ ఇక జన్మలో వదలదు. మా వరండాలో జరుగుతున్న భాగోతం ఇదే.

ఇక ఎరుపు. కృష్ణ, గుంటూరు తీరాల ఇసకనేలల్లో ఒక చిన్న మొక్క పెరిగేది. పేరు చిరివేరు. పైకి చూస్తే కలుపుమొక్కలా ఉంటుంది. దాని గొప్పంతా వేళ్ళలో ఉంది. ఆ వేరు బెరడు ఇచ్చే ఎరుపుకోసమే పరదేశాలవాళ్ళు మన తీరానికి ఎగబడ్డారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ "గ్లోబ్" ఈ తీరాన నిజాంపట్నం, మచిలీపట్నం రేవులకి వచ్చింది. వాళ్ళకి కావలసింది మన రంగుగుడ్డలు. వాటిని తూర్పు దీవులకి తీసుకెళ్ళి అక్కడ మిరియాలకీ, సుగంధద్రవ్యాలకీ మారుబేరం చేసుకోవాలి. అంటే మన చిరివేరు ఎరుపు ఇచ్చి వాళ్ళ మిరియాలు కొన్నారన్నమాట. కలంకారీ అద్దకంలోనూ అదే ఎరుపు.

తరవాత ఏమయిందో చూడండి. చిరివేరులోనూ, మంజిష్ఠ జాతి వేళ్ళలోనూ ఎరుపునిచ్చే పదార్థం ఎలిజరిన్. 1868లో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు దాన్ని బొగ్గుతారు నుంచి తయారుచేశారు. మరుసటేడు దానికి పేటెంటు కూడా వచ్చింది. వేరు తవ్వి, ఎండబెట్టి, దంచి, నానబెట్టే పని లేకుండా డబ్బాలో పొడి ఎరుపు దొరకడం మొదలయ్యాక చిరివేరుని ఎవరు సాగుచేస్తారు? చేలు పోయాయి. చీరాల నేతగాళ్ళు కూడా ఆ డబ్బా ఎరుపే వాడుకున్నారు. నూనె పద్ధతి మాత్రం మార్చలేదు. కొత్త ఎరుపుకి కూడా పాత నూనే కావలసివచ్చింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆ రుమాలు మీది గళ్ళూ చుక్కలూ అద్దినవి కావు, కుట్టినవీ కావు. నెయ్యకముందే పోగుల మీద కట్లు కట్టి, కట్టినచోట రంగు అంటకుండా, కట్టనిచోట అంటేలా ముంచి, ఆ పోగులతో నేస్తే బొమ్మ దానంతటదే మగ్గం మీద తేలుతుంది. లోకమంతా దీన్ని ఇకత్ అంటోంది. అది మలయా భాషల్లో కట్టడమనే అర్థమున్న మాట. ఒడిశాలో బాంధ అంటారు, గుజరాత్‌లో పటోలా, జపాన్‌లో కసూరి. మన నేతవాళ్ళు చిటికి అంటారు. ఒక్క పడుగుకో, ఒక్క పేకకో కట్లు కట్టి నేస్తే సగం కష్టం. పడుగుకీ పేకకీ రెండింటికీ కట్టి, నిలువు చుక్కా అడ్డచుక్కా సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూచునేలా నెయ్యడం అసలు కష్టం. ప్రపంచం మొత్తం మీద అది తెలిసిన చోట్లు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. గుజరాత్‌లో పాటన్, బాలిలో తెంగనాన్ అనే ఊరు, జపాన్‌లో కొన్ని చోట్లు, ఆ తరవాత మన చీరాల రుమాలు! చీరాల అనగానే మనకి దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారూ, 1921లో ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి వెళ్ళిన సంగతీ గుర్తొస్తాయి. ఈ రుమాలు ఎందుకు గుర్తురాదో!

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో ఈ విద్య చీరాల నుంచి నల్లగొండ వైపు పోచంపల్లికీ, ఆ చుట్టుపక్కల పల్లెలకీ పాకింది. అరబ్బు బేరాలు తగ్గిపోయాక చీరాలలో రుమాలు దాదాపు ఆగిపోయింది. ఇప్పుడు అక్కడ కుప్పడం చీరలకి పేరు. పుట్టినింట్లో ఆరిపోయిన దీపం అత్తింట్లో వెలిగినట్టు, తేలియా రుమాలు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో బతికింది. ఆ ఊరి గజం గోవర్ధనగారికి 2011లో, గజం అంజయ్యగారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకి భౌగోళిక గుర్తింపు దొరికింది. పోచంపల్లి సంగతి మీకు తెలిసిందే. 1951 ఏప్రిల్ 18న వినోబాభావేగారికి వెదిరె రామచంద్రారెడ్డిగారు వంద ఎకరాలు ఇచ్చి భూదానానికి నాంది పలికిన ఊరు. 1970 ప్రాంతాల అక్కడివాళ్ళు నూలుతోపాటు పట్టు మీదా చిటికి నెయ్యడం మొదలెట్టారు. మనందరి బీరువాల్లోకీ పోచంపల్లి పట్టుచీర అలా వచ్చింది.

ఇంతవరకూ పుస్తకాల్లో చదివి చెప్పాను. ఇక నా అనుభవం.

రుమాలు మీద ఓ నవల రాద్దామని బుద్ధి పుట్టింది. చేత్తో చెయ్యకుండా దాన్ని గురించి రాస్తే అబద్ధం అవుతుందని భయం కూడా వేసింది. తెలిసినవాళ్ళ ద్వారా ఆ వైపు ఓ పల్లెలో నేతవారి ఇంటికి వెళ్ళి, "నాకు నేర్పుతారా?" అని అడిగాను. ఇంటి పెద్దాయన నా చేతులకేసి చూసి నవ్వాడు. ఆయన భార్య మటుకు నవ్వలేదు. అరవై దాటిన మనిషి. కుడిభుజం కాస్త కిందికి జారినట్టుంటుంది. "రానియ్యి, ఎన్నొద్దులు వస్తదో సూద్దం" అంది. నేను ఆవిణ్ణి పెద్దమ్మా అన్నాను. ఆవిడ నన్ను బిడ్డా అంది. అలా కుదిరింది గురుశిష్య సంబంధం. వారానికోసారి బస్సెక్కి వెళ్ళేదాన్ని.

మొదటి పాఠం కట్లు. గళ్ళ కాగితం మీద గీసిన బొమ్మని చూసుకుంటూ, చట్రానికి బిగించిన పోగుల గుత్తుల మీద గుర్తులు పెట్టుకుని, ఎక్కడ తెలుపు ఉండాలో అక్కడల్లా రబ్బరు ముక్కతో చుట్టి బిగించాలి. పాత సైకిలు ట్యూబుని సన్నగా కోసిన ముక్కలు. చూడ్డానికి పిల్లలాటలా ఉంది. మల్లెపూలు మాల కట్టినదాన్ని, నాకీ కట్లు ఓ లెక్కా అనుకున్నాను. గంటసేపట్లో డెబ్భై కట్లు కట్టి గర్వంగా చూపించాను. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ బొటనవేలితో నెట్టింది. సగం కట్లు జారాయి.

"గట్ల కట్టొద్దు బిడ్డా. రంగు దొంగసొంటిది. సందిస్తే సొర్రుతది."

నిజంగానే సొచ్చింది. రంగులోంచి తీసి కట్లు విప్పితే తెల్లగా ఉండాల్సిన చుక్కలు జ్వరం వచ్చిన కళ్ళలా ఉన్నాయి. బాగా కట్టినవాళ్ళకి కూడా కట్టు అంచున వెంట్రుకవాసి రంగు దిగుతుంది. అందుకే ఇకత్‌లో బొమ్మ అంచులు కత్తితో కోసినట్టుండవు, ఈకల్లా మెత్తగా ఉంటాయి. అది లోపం కాదు, చేతి గుర్తు. మనం కొట్లో చీర కొనేటప్పుడు అంచులు మరీ పదునుగా ఉండి, తిరగేస్తే వెనకవైపు వెలవెలబోతుంటే అది అచ్చు వేసిన చీర. చిటికి చీర అయితే రెండువైపులా ఒక్కలాగే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలిసుంటే నేను ఈ పదేళ్ళలో ఓ మూడు చీరలకి మోసపోకుండా ఉండేదాన్ని.

ఎరుపు అయ్యాక, ఎర్రగా ఉండిపోవాల్సిన చోట కొత్త కట్లు కట్టి, నల్లబడాల్సినచోట విప్పి, మళ్ళీ రంగులో ముంచాలి. ప్రతి రంగుకీ ఒకసారి కట్టడం, ఒకసారి విప్పడం. పోగులు తడిసి ఆరుతూంటే ఇల్లంతా పెళ్ళింటి తోరణంలా ఉండేది.

మగ్గం పాఠం మొదటిరోజే నా పరువు తీసింది. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టి కూచున్నాను. నాడె విసిరాను. పేకలో ఉన్న చుక్క పడుగులో ఉన్న చుక్క మీద పడాలి. పడలేదు. వేలెడు దూరంలో పడింది. పెద్దాయన పోగుని అంచు దగ్గర పట్టుకుని రవ్వంత లాగాడు. చుక్క జరిగి తన చోట కూచుంది. ప్రతి పోగుకీ అదే చూసుకోవాలి. ఓ గంటయ్యేసరికి నా నక్షత్రం తోకచుక్కయింది. "ఈడ తప్పితె మగ్గం తప్పు కాదమ్మా. తప్పు ఎనకనే అయివుంటది" అన్నాడాయన. ఇకత్‌లో నేత చివరి పని. బొమ్మ బాగుపడటం, చెడిపోవడం ఎప్పుడో కట్టులోనూ, అంతకుముందు ఆసులోనూ నిర్ణయమైపోయి ఉంటుంది.

ఆసు! అదే నేను చెప్పదలుచుకున్నది.

"ఆసులో కండెలా తిరుగుతున్నావేమే" అని మా అమ్మ నన్ను తిట్టేది. మీ అమ్మలూ తిట్టే ఉంటారు. అర్థం తెలిసి తిట్టిందనుకోను. పూర్వం వీధిలో కర్రలు పాతి, వాటి మధ్య అటూ ఇటూ నడుస్తూ పడుగు పోసేవాళ్ళు. ఆ తిరుగుడే మన భాషలో సామెతయింది. చిటికి నేసే ఊళ్ళల్లో ఆసు మరోలా ఉంటుంది. ఓ చెక్కచట్రం. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఆ ఒంటిమేకు నుంచి ఒక్కో మేకుకీ తీసుకెళ్ళి చుట్టి, మళ్ళీ వెనక్కి తీసుకురావాలి. కట్లు కట్టడానికి పోగులు గుత్తులు గుత్తులుగా, లెక్క తప్పకుండా, ఒకే పొడుగులో వచ్చేది దీనివల్లే. ఒక్క చీరకి దాదాపు 9000 సార్లు చెయ్యి అటు వెళ్ళి ఇటు రావాలి. నాలుగైదు గంటల పని. రెండు చీరల ఆసు పోసిన రోజున 18000 సార్లు. ఈ పని ఆడవాళ్ళది. మగ్గం మీద కూచున్నవాణ్ణి నేతగాడంటారు. ఆసు పోసే ఆడదానికి పేరు లేదు. "ఇంట్ల సాయం జేస్తది" అంటారు. అంతే.

పెద్దమ్మ పన్నెండో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. అత్త ఆసు ముందు కూచోబెట్టింది. ఆ తరవాత నలభై ఏళ్ళపాటు, పురుళ్ళప్పుడు తప్ప లేవలేదంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆసు చట్రం గోడకి చేరగిలబడి ఉంది. మూల ఓ యంత్రం తిరుగుతోంది. మోటారు, దారం పట్టుకుని కదిలే చెయ్యిలాంటిది ఒకటి. మేకుల చుట్టూ దానంతటదే దారం పోస్తోంది.

నేను పట్నంలో కూచుని చేనేత గురించి వ్యాసాలు చదివిన మనిషిని కదా, నొచ్చుకున్నాను. "ఏమైనా పెద్దమ్మా, యంత్రం వచ్చాక చేతిపనిలో ఉన్న అందం పోలేదూ?" అన్నాను.

ఆవిడ ఏమీ అనలేదు. గోడకున్న పాత చట్రాన్ని దించి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టింది. కండె చేతికిచ్చింది. "పొయ్యి" అంది.

పోశాను. మొదటి యాభైసార్లు బాగానే ఉంది. వందకి మోచెయ్యి బరువెక్కింది. రెండొందలకి మెడ పట్టింది. మూడొందలకి భుజంలో సూది గుచ్చినట్టయింది, లెక్క తప్పింది, దారం ఒక మేకు వదిలేసి రెండోదానికి పడింది. ఆపేశాను. ఆవిడ పక్కనే కూచుని కూరగాయలు తరుగుతోంది.

"నేను రాత్రి అన్నం ముద్ద నోటికి ఎత్తలేకపోదు బిడ్డా. చెయ్యి గట్లనే గుంజుతుండె. ఎడమచేత్తోని తిన్న ఎన్నో దినాలు. గా అందం నీకు గావాల్నా?"

నాకు మాట రాలేదు.

"నువ్వు రాసిన పుస్తకం మీద నీ పేరుంటదా?" అని అడిగింది కాసేపాగి.

"ఉంటుంది పెద్దమ్మా."

"మా చీర మీద ఊరి పేరుంటది. కొట్టాయన పేరుంటది. మంచిగ నేస్తె మాయనకు పేరొస్తది. ఆసు పోసినదాని పేరు ఏడుంటది? భుజంల ఉంటది." అలా అని నవ్వింది. నవ్వలేకపోయింది నేనే.

ఆ యంత్రం కథ కూడా ఒక అమ్మ భుజం నుంచే మొదలైంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మి ఆసు పోసి పోసి, భుజం నొప్పితో బాధపడటం చూస్తూ పెరిగాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. ఇంజనీరింగు చదవలేదు. 1992లో మొదలుపెట్టి, చేతిలో ఉన్న డబ్బంతా పోసి, ఊళ్ళోవాళ్ళు పిచ్చివాడంటున్నా ఆపకుండా 1999కి యంత్రాన్ని పూర్తిచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం అని. నాలుగైదు గంటల ఆసు గంటన్నరలో అవుతుంది. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమా కూడా అయింది. మన నేత చరిత్రలో వెతికితే ఆసు పోసిన ఒక ఆడమనిషి పేరు వస్తువు మీద నిలిచింది నాకు తెలిసి ఇదొక్కటే. అది కూడా చీర మీద కాదు, ఆమెకి ఆ పని తప్పించిన యంత్రం మీద!

బస్సులో తిరిగి వస్తూంటే చిరివేరు గుర్తొచ్చింది. డబ్బా ఎరుపు వచ్చినప్పుడు చీరాలవాళ్ళు వేరు తవ్వడం మానుకున్నారు, నూనె మానుకోలేదు. ఏది వదిలేస్తే పని చెడుతుందో, ఏది వదిలేస్తే మనిషి బతుకుతాడో వాళ్ళకి తెలుసు. ఆసు యంత్రం వచ్చాక కట్లు ఇప్పటికీ చేత్తోనే కడుతున్నారు. పెద్దమ్మ కోడలు యంత్రం పక్కనే కూచుని కడుతుంది. మగ్గం ఇప్పటికీ కాళ్ళతో తొక్కేదే. పోయింది భుజం నొప్పి. ఆ నొప్పిని అందం అని పిలిచినది నేను, ఏ రోజూ చెయ్యి ఎత్తకుండా చీర కట్టుకున్నదాన్ని.

2015 నుంచి ఆగస్టు 7న జాతీయ చేనేత దినం జరుపుతున్నారు. ఆ రోజున మనమంతా చేనేత చీరలు కట్టి ఫోటోలు తీయించుకుంటాం. కట్టుకోవద్దని నేననను. మనం కొనకపోతే ఆ మగ్గం ఆగిపోతుంది. కాని, "చేత్తో చేసింది" అని ముచ్చటపడేటప్పుడు ఆ చెయ్యి ఎవరిది, సాయంత్రానికి అది ఎలా ఉంటుంది అని ఒక్కసారి అనుకోవాలి. చరిత్ర పుస్తకాల్లో ఓడ పేరుంది, కంపెనీ పేరుంది, రంగు కనిపెట్టినవాళ్ళ పేర్లున్నాయి. ఓడలకెత్తిన రుమాళ్ళ నూలుని పిసికిందెవరు, ఆసు పోసిందెవరు, కట్లు కట్టిందెవరు? నా డిగ్రీలో ఆ పాఠం లేదు.

ఇంటికొచ్చి అమ్మమ్మ రుమాలుని మళ్ళీ విప్పాను. ఇన్నాళ్ళూ రంగుని చూసి మురిసిపోయినదాన్ని, ఈసారి చుక్కలు లెక్కపెట్టాను. ఒక మూల వంద దాకా లెక్కపెట్టి మానేశాను. ప్రతి చుక్కకీ నిలువున కొన్ని కట్లు, అడ్డంగా కొన్ని కట్లు, వాటికి ముందు ఆసు. ఒక అంచు దగ్గర ఓ చుక్క పక్కకి జరిగి ఉంది. మునుపైతే "తప్పు పడింది" అనేదాన్ని. ఇప్పుడు అలా అనిపించలేదు. అక్కడ ఎవరికో చెయ్యి లాగి ఉంటుంది.

నా నూలు సంగతి చెప్పి ముగిస్తాను. మూడోవారం దాటాక ఉతికి, పటిక పెట్టి, ఎరుపులో వేశాను. రంగు పట్టింది! పెద్దమ్మ ఇంటికి తీసుకెళితే, ఆసు యంత్రం మీదే పోసి, కట్లు నాచేతే కట్టించింది. పెద్దాయన దగ్గర కూచుని చేతిరుమాలంత ముక్క నేశాను. మధ్యలో ఒకే ఒక గడి. అది కూడా చతురస్రం కాదు, అలిగిన పిల్ల మొహంలా ఉంది. మావారు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మూడు నెలలు ఇల్లంతా ఆముదం కంపు కొట్టించింది దీనికా?" అన్నారు. మా అమ్మాయి మాత్రం, "ఇది ఎవరు చేశారమ్మా, నువ్వేనా?" అని అడిగింది.

"నేనొక్కదాన్నే కాదే" అని, పిసికినవాళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పడం మొదలెట్టాను. అది ఫోను పక్కన పెట్టి విన్నది. అది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

మీరు కూడా ఈసారి పోచంపల్లి చీరో, పుట్టపాక చీరో కొనేటప్పుడు ముందు తిరగేసి చూడండి. ధర అడగండి, బేరం కాస్త తక్కువగా ఆడండి. ఆ తరవాత, "దీనికి ఆసు ఎవరు పోశారండీ?" అని అడగండి. కొట్టాయన తెల్లబోతాడు. తెల్లబోనివ్వండి. పదిమంది అడిగితే పదకొండోవాళ్ళకైనా జవాబు దొరక్కపోదు.